ఎత్తుకు వెల ఎంత?

మన బ్యాంకులో పదవీ విరమణ చేసినవాళ్లు నలుగురు ఒకచోట చేరితే, పెన్షన్ మాట అయిపోగానే వచ్చేది అమెరికా మాటే. పిల్లలు అక్కడ, మనం ఇక్కడ. ఆరు నెలలు ఉండి వచ్చినవాళ్ల ఫోన్లో నయాగరా ఫోటో ఒకటి తప్పకుండా ఉంటుంది. న్యూయార్క్‌లో ఏదో ఎత్తయిన మేడ మీద, వెనకాల ఊరంతా అగ్గిపెట్టెల్లా కనిపిస్తుండగా తీయించుకున్నది ఇంకొకటి ఉంటుంది. నా ఫోన్లోనూ ఉంది. ఆ ఫోటో వెనక నేను నేర్చుకున్న నాలుగు సంగతులు మన పత్రిక చదివే కుటుంబాలతో, ముఖ్యంగా పిల్లలతో పంచుకుందామని ఈ వ్యాసం.

సర్వీసులో ఎక్కువ భాగం రుణాల విభాగంలో గడిపినవాణ్ణి. ఏ పెద్ద కట్టడం చూసినా దీనికి అప్పు ఎవరిచ్చారు, తిరిగి ఎలా కట్టారు అన్నదే ముందు బుర్రలోకి వస్తుంది. మా మనవరాలికి తొమ్మిదేళ్లు. దానికి అప్పులతో పనిలేదు. "తాతయ్యా, అంత పైనుంచి చూస్తే మన ఇల్లు కనిపిస్తుందా?" అని అడిగింది. ఈ రెండు ప్రశ్నలూ పట్టుకునే మేమిద్దరం ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ ఎక్కాం.

ముందు నా ప్రశ్న సంగతి చెబుతాను.

ఈ భవనం న్యూయార్క్ నగరంలో, మన్‌హటన్ దీవి మధ్యన, ఫిఫ్త్ అవెన్యూ మీద ఉంది. అక్కడ అంతకుముందు వాల్‌డార్ఫ్ ఆస్టోరియా అనే పేరున్న హోటల్ ఉండేది. దాన్ని పడగొట్టడం 1929లో మొదలుపెట్టారు. అదే ఏడాది అక్టోబరులో అమెరికా షేర్ మార్కెట్ కుప్పకూలింది. మనమైతే ప్రాజెక్టు అక్కడే ఆపించేవాళ్లం. వాళ్లు ఆపలేదు. 1930 మార్చి 17న పని మొదలుపెట్టి 1931 మే 1న ప్రారంభోత్సవం చేసేశారు. మొత్తం 410 రోజులు. సగటున వారానికి నాలుగున్నర అంతస్తులు లేచాయి. ఒక దశలో రోజుకు 3,400 మంది పనిచేశారు. కోటి ఇటుకలు పట్టాయి. మాంద్యం వల్ల కూలీ, సామాను చవకబడి, ఖర్చు అనుకున్నదానికంటే తగ్గింది కూడా. భూమితో కలిపి దాదాపు 4 కోట్ల 10 లక్షల డాలర్లయింది. అందులో 2 కోట్ల 75 లక్షలు మెట్రోపాలిటన్ లైఫ్ అనే బీమా సంస్థ తనఖా మీద ఇచ్చిన అప్పు.

గడువుకంటే ముందే పూర్తయింది, బడ్జెట్‌లోనే తేలింది. కాగితం మీద ఇంతకంటే మంచి ప్రాజెక్టు ఉండదు. కానీ అద్దెకు వచ్చేవాళ్లేరీ? ప్రారంభించేనాటికి నాలుగింట ఒక వంతు స్థలానికే కిరాయిదారులు దొరికారు. వ్యాపారాలు మూతపడుతున్న రోజుల్లో కొత్త ఆఫీసు ఎవరు తీసుకుంటారు? ఎంపైర్ స్టేట్ అన్నది న్యూయార్క్ రాష్ట్రానికి ముద్దుపేరు. జనం ఆ పేరుని కాస్త తిప్పి 'ఎంప్టీ స్టేట్ బిల్డింగ్' అన్నారు, ఖాళీ భవనమని. ఆ వెక్కిరింత చాలా ఏళ్లు పోలేదు. ఈ కట్టడం లాభం చూసింది 1950 ప్రాంతంలోనే.

మరి అన్నేళ్లు ఎలా నెట్టుకొచ్చింది? అక్కడే ఉంది విశేషం. 86వ అంతస్తులో చుట్టూ తిరిగి ఊరు చూడటానికి ఆరుబయట వరండా లాంటిది కట్టారు. దాన్ని అబ్జర్వేషన్ డెక్ అంటారు, మనం డెక్ అనుకుందాం. మొదటి ఏడాది ఆ డెక్ టికెట్ల మీద వచ్చిన డబ్బు, అంత పెద్ద భవనం మొత్తం మీద వచ్చిన అద్దెకు దాదాపు సమానం. ఉద్యోగాలు పోయిన ఊళ్లో కూడా జనం డబ్బిచ్చి పైకెక్కి చూశారు. ఆ ప్రాజెక్టు నా టేబుల్ మీదకి వచ్చి ఉంటే, డెక్ రాబడిని 'ఇతర ఆదాయం' కింద ఆఖరి వరుసలో వేసి, అది కూడా సగానికి తగ్గించి లెక్కకట్టేవాణ్ణి. అద్దెల అంచనా మాత్రం యథాతథంగా నమ్మేవాణ్ణి. రెండు చోట్లా తప్పేవాణ్ణి.

86వ అంతస్తు పైన ఉన్న సూది లాంటి భాగానిది ఇంకో కథ. అప్పట్లో క్రైస్లర్ బిల్డింగ్‌తో ఎత్తు పోటీ నడుస్తోంది. క్రైస్లర్ వాళ్లు శిఖరాన్ని లోలోపలే రహస్యంగా తయారుచేసి, 1929 అక్టోబరులో ఉన్నట్టుండి పైకి లేపి 319 మీటర్లకు చేరారు. 86 అంతస్తులతో ఎంపైర్ స్టేట్ ఎత్తు 320 మీటర్లు. ఒక్క మీటరు ఆధిక్యాన్ని ఏం నమ్ముకుంటారు? దాని మీద దాదాపు 60 మీటర్ల స్తంభం నిలబెట్టారు. ఊరికే ఎత్తు కోసమని చెప్పకుండా, గాలిఓడలు వచ్చి దానికి కట్టుకుంటాయనీ, ప్రయాణికులు 102వ అంతస్తులో దిగుతారనీ ప్రకటించారు. అంత ఎత్తులో వీచే గాలికి ఏ ఓడ నిలుస్తుంది? 1931 సెప్టెంబరులో ఒక చిన్న గాలిఓడ మూడు నిమిషాలు కట్టుకుని వెళ్లిపోయింది. ప్రయాణికులు దిగిన సందర్భం ఒక్కటీ లేదు. ఇప్పుడు ఆ 102వ అంతస్తు రెండో డెక్. 2019లో గోడలన్నీ నేలనుంచి పైకప్పుదాకా అద్దాలతో మార్చారు. పడవలు రాని రేవులో చూడ్డానికొచ్చినవాళ్ల దగ్గర టికెట్ తీసుకుంటున్నారన్నమాట. 2020కి ముందు ఏటా సుమారు 40 లక్షల మంది ఈ డెక్‌లకు వచ్చేవారు.

ఇక మనవరాలి ప్రశ్న.

మా అమ్మాయి వాళ్లుండేది న్యూజెర్సీ రాష్ట్రంలోని ఎడిసన్‌లో, తెలుగువాళ్లు బాగా స్థిరపడిన ఊరు. మ్యాప్‌లో స్కేలు పెట్టి కొలిస్తే ఎంపైర్ స్టేట్ నుంచి సూటిగా 44 కిలోమీటర్లు, నైరుతి దిక్కున. వెళ్లే ముందు రోజు రాత్రి దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని లెక్క చేయించాను. మీ ఇంట్లో హైస్కూలు పిల్లలుంటే వాళ్లతోనూ చేయించండి.

భూమి గుండ్రంగా ఉంది కాబట్టి మన చూపు ఒక చోట నేలను తాకి ఆగిపోతుంది. నింగీ నేలా కలిసినట్టు కనిపించే ఆ గీతే క్షితిజం. అది ఎంత దూరమో తెలియాలంటే, కన్ను ఉన్న ఎత్తుని మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 3.57తో హెచ్చవేయాలి. జవాబు కిలోమీటర్లలో వస్తుంది. విశాఖ బీచ్‌లో ఇసుక మీద నిలబడిన మనిషి కన్ను నేలకి 1.6 మీటర్ల ఎత్తున ఉందనుకుంటే, సముద్రం మీద అతనికి కనిపించేది నాలుగున్నర కిలోమీటర్లే. అంతేనా అని ఆశ్చర్యపోతాం. దూరంగా వచ్చే ఓడలో ముందు పై భాగం, తర్వాత ఒళ్లు కనిపించడం ఇందువల్లే.

అదే లెక్క 86వ అంతస్తుకి వేస్తే 320 వర్గమూలం దాదాపు 17.9, దాన్ని 3.57తో గుణిస్తే 64 కిలోమీటర్లు. 102వ అంతస్తు ఎత్తు 381 మీటర్లు, అక్కడినుంచి 70 కిలోమీటర్లు. గాలి పొరల్లో వెలుగు కొంచెం వంగుతుంది కాబట్టి నిజానికి ఇంకో నాలుగైదు కిలోమీటర్లు కలుస్తాయి. ఆకాశం బాగుంటే 80 మైళ్లు, అంటే దాదాపు 130 కిలోమీటర్లు కనిపిస్తుందని ఆ భవనం గురించి చెబుతుంటారు. మా లెక్కకి అది రెట్టింపు. అబద్ధమా అంటే కాదు. క్షితిజానికి అవతల 300 మీటర్ల కొండ ఉంటే, దాని నెత్తి మనకు తొంగిచూస్తుంది. మన 64కి ఆ కొండ తాలూకు 62 కలిపితే 126 వస్తుంది. అక్కడి నేల కనిపించదు, కొండ కొస కనిపిస్తుంది.

"అయితే 44 కిలోమీటర్లలో ఉన్న మన ఇల్లు కనిపించాలి కదా!" అంది. లెక్క ప్రకారం అడ్డేమీ లేదు. వెంటనే లోపలికి పరిగెత్తి అమ్మమ్మతో ఒప్పందం కుదుర్చుకుంది. రేపు సాయంత్రం తను పైకెక్కి ఫోన్ చేస్తుంది, అమ్మమ్మ బయట నిలబడి చెయ్యి ఊపాలి. ఆవిడ సరేనంది. రెండో లెక్క చెప్పడానికి నాకు మనసొప్పలేదు, కానీ చెప్పకపోతే అక్కడికెళ్లి ఏడుస్తుందని భయం వేసింది.

రెండో లెక్క కంటిది. ఎంత మంచి చూపున్నా, ఒక వస్తువు ఆకారంతో తెలియాలంటే దానికీ మనకీ మధ్య దూరంలో కనీసం 3,400వ వంతు సైజు ఉండాలి. అంతకంటే చిన్నదైతే పక్కవాటితో కలిసిపోతుంది. 44 కిలోమీటర్లని 3,400తో భాగిస్తే 13 మీటర్లు. అంటే ఆ దూరంలో ఒక ఇల్లంతా కలిపి ఒక్క చుక్క. మనిషిని మనిషిగా పోల్చుకోవడం మాట అలా ఉంచి, చుక్కగా చూడాలన్నా అయిదు కిలోమీటర్ల పైచిలుకు దాటితే కుదరదు. "అమ్మమ్మ నీకు చుక్కలాగైనా కనపడాలంటే 13 మీటర్ల పొడవు పెరగాలి" అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అయినా ఊపమని చెప్పు, నేనూ ఊపుతా" అంది. రాత్రి దీపం సంగతి వేరు, అది సైజు వల్ల కాదు, వెలుగు వల్ల తెలుస్తుంది. కానీ అమ్మమ్మ చేతికి ఏం దీపం ఇస్తాం!

నిజానికి ఇది మా రెండో ప్రయత్నం. అంతకుముందు వారం అందరం కలిసి వెళ్లాం. తేదీ, వేళ ముందే ఎంచుకుని టికెట్లు కొనేశాం. ఆ రోజు పొద్దున్నుంచీ ముసురు. టికెట్ డబ్బు పోతుందని వెళ్లాం. తప్పు నాదే. పైకెళ్లాక నాలుగు పక్కలా తెల్లటి గోడ. మా ఆవిడ శాలువా బిగించుకుని, "ఈ మంచు లంబసింగిలో ఊరికే చూడనిస్తారు" అంది. అందుకే రెండోసారి రానంది, మోకాళ్లు కూడా సహకరించలేదు. బయల్దేరే పొద్దున భవనం శిఖరం కింది వీధి నుంచి స్పష్టంగా కనబడుతోందో లేదో తెలుసుకోకుండా టికెట్ కొనకండి. మేఘాలు కమ్మితే డబ్బు వెనక్కి రాదని అనుకునే వెళ్లాలి. వాన కురిసి వెలిసి, చల్లగాలి తిరిగిన మర్నాడు మంచి రోజు. దుమ్మూ తేమా కొట్టుకుపోయి, చూపు దూరం పోతుంది.

ఆ మంచు ఒకసారి ప్రాణాలు కూడా తీసింది. 1945 జులై 28, శనివారం ఉదయం, దట్టమైన మంచులో దారితప్పిన అమెరికా సైన్యం బి-25 విమానం ఒకటి 79వ అంతస్తు దగ్గర ఈ భవనాన్ని ఢీకొంది. 14 మంది చనిపోయారు. బెట్టీ లూ ఆలివర్ అనే లిఫ్ట్ ఆపరేటర్ ఉన్న లిఫ్ట్ తీగలు తెగి 75 అంతస్తులు కిందికి పడినా ఆమె బతికింది. సెలవు పూట కాకపోయి ఉంటే ఆ సంఖ్య ఎంత ఉండేదో. సోమవారం నాటికి భవనంలో చాలా భాగం మళ్లీ తెరిచారు.

రెండోసారి మేం వెళ్లింది అక్టోబరు మధ్యలో, ఎండ కాసిన రోజున. 34వ వీధి వైపు నుంచి లోపలికి వెళ్లాలి. విమానాశ్రయంలోలా తనిఖీ ఉంటుంది, పెద్ద సంచులు తీసుకెళ్లవద్దు. రెండో అంతస్తులో భవనం కట్టిన వైనం చూపించే ప్రదర్శన ఉంది, పిల్లలు లాక్కెళ్లినా పెద్దలు ఆగి చూడాల్సింది అదే. అక్కడినుంచి 80వ అంతస్తుకి లిఫ్ట్ ఒక నిమిషం లోపే చేరుస్తుంది. చెవులు దిబ్బడేస్తాయి, గుటక వేస్తే సర్దుకుంటుంది. 80లో దిగి ఇంకో లిఫ్ట్‌లో 86కి.

తలుపు దాటగానే గాలి ముఖాన కొట్టింది. అంత ఎత్తున ఉష్ణోగ్రత తగ్గేది రెండు డిగ్రీలే, కానీ గాలి వల్ల చలి రెట్టింపు అనిపిస్తుంది. మఫ్లరు, స్వెటరు లేకుండా పెద్దవాళ్లు వెళ్లవద్దు.

ఉత్తరం వైపు సెంట్రల్ పార్క్, ఇళ్ల మధ్య పచ్చటి తివాచీ పరిచినట్టు 840 ఎకరాలు. ఈశాన్యంలో దగ్గరగా క్రైస్లర్ శిఖరం, ఒకప్పటి పోటీదారు, ఇప్పుడు మనం దాన్ని దాదాపు సమానంగా చూస్తాం. పడమర హడ్సన్ నది, అవతల న్యూజెర్సీ. దక్షిణంగా చూస్తే 541 మీటర్ల వన్ వరల్డ్ ట్రేడ్ సెంటర్, దాని వెనక సముద్రపు రేవులో వేలెడంత లిబర్టీ విగ్రహం. మధ్య నగరంలో వీధులన్నీ లెడ్జర్ గీతల్లా తిన్నగా ఉంటాయి, 1811లో వేసిన ప్రణాళిక అది. దక్షిణపు కొసకి వెళ్లేకొద్దీ ఆ గీతలు వంకర్లు పోతాయి. అక్కడి వీధులు డచ్చివాళ్ల కాలం నాటివి, ప్రణాళికకంటే పాతవి. వాల్ స్ట్రీట్ ఉన్నది ఆ వంకర్లలోనే. ఊరు ఏ వైపు నుంచి ఏ వైపుకి పెరిగిందో పుస్తకం చదవకుండా పైనుంచే తెలుసుకోవచ్చు.

చుట్టూ ఉన్న పాత మేడలు మెట్లు మెట్లుగా పైకి పోతూ సన్నబడతాయి, గమనించండి. అది అందం కోసం చేసింది కాదు. నిటారుగా లేచిన భవనాల నీడలో వీధులు చీకటవుతున్నాయని 1916లో నగరం ఒక చట్టం తెచ్చింది. కొంత ఎత్తు దాటాక గోడ వెనక్కి జరగాలి. స్థలంలో నాలుగో వంతుకి కుదించుకుంటే ఇక ఎంత ఎత్తయినా వెళ్లొచ్చు. ఎంపైర్ స్టేట్ ఆ నిబంధనలోంచి పుట్టిన ఆకారమే. కింద నడిచే మనిషికి ఎండ తగలాలని చేసిన చట్టం పైనున్న మనిషికి నలుదిక్కులా చూపు కూడా ఇచ్చింది.

86వ అంతస్తు చాలా, 102కి కూడా డబ్బు కట్టాలా అని అడిగేవాళ్లకి నా సలహా: 86 చాలు. అదనంగా వచ్చేది ఆరు కిలోమీటర్ల చూపు, పోయేది ఆరుబయటి గాలి. అద్దం వెనక నిలబడితే సినిమా చూసినట్టే ఉంటుంది. చలికి తట్టుకోలేనివాళ్లకి మాత్రం 102 మేలు. ఇంకో మాట. న్యూయార్క్ అనగానే గుర్తొచ్చే భవనం ఎంపైర్ స్టేటే, దాని మీదకెక్కితే అదొక్కటే కనిపించదు. ఫోటోలో అది పడాలనుకుంటే రాక్‌ఫెల్లర్ సెంటర్ 70వ అంతస్తు మీద ఉన్న డెక్‌కి వెళ్లండి.

సూర్యాస్తమయానికి గంట ముందు చేరితే ఒకే టికెట్ మీద పగలూ, పొద్దుగూకడమూ, దీపాలూ మూడూ దక్కుతాయి. అస్తమయం పైన కాస్త ఆలస్యం కూడా అవుతుంది. క్షితిజం దూరమయ్యేకొద్దీ కిందికి దిగుతుంది కదా, 86వ అంతస్తులో ఆ తేడా లెక్క ప్రకారం మూడు నిమిషాలు. మన తెలుగువాళ్లు ఎందరో పనిచేసే దుబాయ్‌లో 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా ఉంది. అక్కడ 80వ అంతస్తు పైన ఉండేవాళ్లు రంజాన్ ఉపవాసం విరమించడానికి కిందివాళ్లకంటే రెండు నిమిషాలు, 150 పైన ఉండేవాళ్లు మూడు నిమిషాలు ఆగాలని 2011లో మతపెద్దలు చెప్పారు. ఒకే మేడలో మూడు సాయంత్రాలు.

మా మనవరాలు నైరుతి మూలన కంచె పట్టుకుని నిలబడింది. సూర్యుడు దిగుతున్న చోటుకి కాస్త ఎడమగా చూడాలని చెప్పాను. నదికవతల జెర్సీ సిటీ మేడలు తెలిశాయి, ఆ తర్వాత చెట్లూ ఇళ్లూ కలిసిపోయిన బూడిదరంగు పట్టీ, ఆ తర్వాత బంగారు రంగు ధూళి. ఎడిసన్ ఆ ధూళిలో ఎక్కడో ఉంది. ఫోన్ చేసి, "అమ్మమ్మా, ఊపుతున్నావా? నేను ఊపుతున్నా" అంది. అయిదు నిమిషాలు ఊపింది. పక్కనున్న ఎవరో విదేశీ దంపతులు కూడా ఎటువైపో తెలియకుండానే ఊపారు.

తిరుగు ప్రయాణం పెన్ స్టేషన్ నుంచి రైల్లో. నది కింద సొరంగం దాటి బయటికి రాగానే సెకాకస్ దగ్గర కిటికీలోంచి వెనక్కి చూస్తే, దీపాలతో ఎంపైర్ స్టేట్ తెలుస్తూనే ఉంది. నూవర్క్ వచ్చేదాకా అది కిటికీకి ముక్కు ఆనించి చూస్తూనే ఉంది. మెట్రోపార్క్ వచ్చేసరికి నా ఒళ్లో నిద్రపోయింది.

ఇంటికెళ్లాక మా ఆవిణ్ణి అడిగాను, నిజంగా బయట నిలబడ్డావా అని. "బాల్కనీ పడమటి వైపుంది కదా, అటు ఊపితే మీకేం తెలుస్తుంది? ఊరు ఈశాన్యంలో ఉందన్నారుగా, కిందికి దిగి కార్ల పార్కింగ్‌లో నిలబడి ఊపాను. ఎవరికని పక్కింటావిడ అడిగింది" అంది.

"ఏం చెప్పావు?"

"మా మనవరాలు 86వ అంతస్తులో ఉందన్నాను. ఆవిడా ఊపింది."